మాగ పులుసు పక్కన గళాసు

ఇంకేటి కావాల బావా నీకు? ముందు అది సెప్పు.

మాగ సేప ఎట్టినాను. పొట్ట ముక్క నీకే ఎట్టినాను. గుడ్లు ఏరేగా ఏపి ఆకు సివర ఎట్టినాను. దీపం ఎలిగించినాను, నీ సుట్ట ఎట్టినాను, అగ్గిపెట్టి నేకపోతే ఎతుక్కుంటావని అదీ ఎట్టినాను. మూడు గళాసులు వరసగా ఉన్నాయి. ఒక్కటీ నీకు నచ్చనేదు. నువ్వు పోయి ఈయాలకి ఏడాది. నీ బెట్టు మాత్రం పోనేదు.

పెంకుల మీద కాకికేసిన ముద్ద సూసినావా? అలగే ఎండిపోతంది. కాకి రానేదని అనను, వచ్చింది. సూరు మీద వాలింది. మెడొంచి సేప ముక్క కాసి సూసింది, నా కాసి సూసింది, ఎల్లిపోనాది. అచ్చం నువ్వే. కంచం ముందర కూకుని కూర కాసి ఒకపాలి, నా మొకం కాసి ఒకపాలి సూసీవోడివి కాదేటి?

మళ్లీ ముద్దేసినాం. మళ్లీ అంతే. నీ తమ్ముడు గణపతి సేతులు జోడించి, "అన్నా, నీ పొలం గట్టు జరపనన్నా, తినన్నా" అన్నాడు. నీ కొడుకు అప్పలసూరి "నాన్నా, కాలేజీ మానను, తిను" అన్నాడు. ఆల మాటలకి కాకి కరగనేదు. నువ్వు మాత్రం ఎప్పుడు కరిగినావు గనక.

అప్పుడు మీ అమ్మ నోరిప్పింది. "గున్నా, ఆడికి తాగడానికి సరైంది ఎట్టనేదే. మాగ తింతన్నప్పుడు పక్కన గళాసు నేకపోతే ఆడికి ముద్ద దిగదు" అన్నాది. ఇంక సూడు, ఇంట్లో ఉన్నోలందరూ నీ గళాసు మీద పడ్డారు.

అందుకే నీ ఆకు ఈ గదిలోకి మార్సినాం. తలుపు దగ్గరగా ఏసి అందరూ ఈదరుగు మీదకెల్లి కూకున్నారు. పెద్దోలు తింతన్నప్పుడు ఎవులూ సూడకూడదు గదా. నాను మాత్రం ఉండిపోనాను. సేప ఉన్నాది, పిల్లి దూరతాదని ఆలకి సెప్పినాను. పిల్లీ నేదు ఏటీ నేదు. నీతో మాటాడాల నాకు.

మీ అమ్మ సంగతి తెలుసా? నిన్న సీకటడ్డకాడ్నుంచి మంచినీళ్లు ముట్టనేదు. కొడుకు ముట్టినదాకా నాను ముట్టనని కూకుంది. అడ్డసుట్ట కూడా పక్కనెట్టీసింది బావా. నిప్పు నోట్లో ఎట్టుకోకుండా పూట గడపనేని మనిషి, స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుంది. పెదాలు ఎండిపోనాయి. మద్దినేల దాటిపోతంది. ఆ ముసల్దానికి ఏటైనా అయితే ఆ పాపం నీకే. నాకంటగట్టకు.

ఈ మాగ కోసం నానెంత తిరిగినానో నీకేటి తెలుసు? భావనపాడు దాలమ్మకి ముందుగానే సెప్పి ఉంచినాను. సముద్రంలో గాలి, పడవలెల్లనేదు. ఒకరోజు సందువలు తెచ్చింది. ఇంకోరోజు కానాగంతలు తెచ్చి ఇవే బాగుంతాయమ్మా అన్నాది. ఆయనకి మాగే కావాల, మాగ నేకపోతే ఆయన గుమ్మం తొక్కడు అని తగువాడినాను. ఈయాల పొద్దున్నే నా సెయ్యంత పొడుగు మాగ తట్టలో ఏసుకుని పరిగెట్టుకుని వచ్చింది. ఎండి లాగ మెరిసిపోతంది. ఆవ నూరినాను, సింతపండు పిసికినాను, ఎల్లుల్లి దంచినాను. పులుసు దించినదాకా వంటింట్లోంచి బయటికి రానేదు.

నువ్వే గదా సెప్పీవోడివి? ఇది కొవ్వు సేప, ఊరికే తింటే గొంతుక్కి పట్టేస్తాది, పక్కన పుల్లగా, నాలిక మీద సురుక్కుమనేది ఉండాల అని. ఆ మాట అందరికీ గుర్తుంది. ఆ పుల్లటిదేటో ఎవులికి తోసింది ఆలు తెచ్చి నీ ముందర ఎట్టినారు.

మొదట నీ తమ్ముడు. గణపతి మిలట్రీలో ఆఫీసర్ల మెస్సులో వడ్డించినోడు గదా, ఆడికి తెలీందేటి ఉంటాది. వంటింట్లోకొచ్చి సట్టి మీద మూత తీసి సూసి, "వదినా, దీన్ని దొరలు సామన్ అంటారు" అన్నాడు. దొరలేటంటే నాకేటి, నాను మాగంటాను. "దీని పక్కన తెల్ల ద్రాక్షసారా ఎట్టాల, సల్లగా. ఎర్రది ఎట్టినామంటే సేప రుసి సచ్చిపోద్ది. మెస్సులో అలగెట్టినోడిని గేటు కాడికి మార్సీసినారు" అన్నాడు. సరే, తెల్లది తెచ్చినావేటి అనడిగినాను. తెల్లది దొరకదంట. ట్రంకుపెట్టి అడుగునుంచి రమ్ము సీసా తీసినాడు. సెరువు ఎండిపోయీముందు అడుగున నీల్లుంటాయి సూడు, ఆ రంగు.

"ఒరే, మీ అన్న కమిటీ ఏటి, పేరేటి, ఆయన ఆకు పక్కన సారా ఎడతావా" అంటే నవ్వుతాడు. "కాఫీ డికాషనని సెప్దాం వదినా, ఎవుడడుగుతాడు" అంతాడు. పైగా "అన్నకి తెలీందేటి" అని ఇంకేదో అనబోనాడు. గరిటె సూపించి నోరు మూయించినాను. అదిగో, ఎడం పక్కనున్నది అదే. డికాషను.

నడుమునున్నది నీ కొడుకుది. ఆరెంజి కలరు. శ్రీకాకుళం నుంచి కోటబొమ్మాళి దాకా గోలీసోడా సీసా ఒళ్లో ఎట్టుకుని తెచ్చినాడంట. గోలీ నొక్కితే బుస్సుమని సగం నేలపాలైంది. "నాన్న పేరుకి తగ్గట్టు మత్తు నేనిది ఎట్టాలమ్మా" అన్నాడు. ఆడి మనసు మంచిదే. గానీ మాగ పులుసుతో తియ్యటి కలరేటి బావా? పులుసులో పానకం పోసుకున్నట్టు. సీమలొచ్చి గళాసు అంచు మీద కూకున్నాయి. ఆటికి మాత్రం నచ్చింది.

మూడోది మీ అమ్మ పోయించింది. తరవాణి. దానికి నాను వంకెట్టనేను. సేపతో మజ్జిగ తాగితే బొల్లొస్తాదని మన్లో గుంటడికి కూడా తెలుసు, మజ్జిగెట్టనేం. మంచినీళ్లు సప్పన. బియ్యం కడుగూ గంజీ కుండలో పోసి, దబ్బాకేసి, పులియబెట్టిన నీళ్లకి మించి సేప పక్కనేటి ఉంటాది? ఊరందరూ ఒప్పుకున్న మాట. నిన్ను ఊరంతా ఏటని పిల్సీవోలు? తరవాణి ప్రెసిడెంటు. ఆ మాటింటే నాకెంత పొంగో నీకు తెలీదు. మా ఆయన మందు తాగడు, మాకు తాగడు, నా సేతి తరవాణి తప్ప ఇంకోటి ముట్టడని ఊరు సెప్పుకుంతందని అనుకున్నాను. ఆడోలు గిన్నెలట్టుకుని వచ్చీవోలు, గున్నమ్మత్తా మీ కుండలోది కొంచెం ఇయ్యి, మాకు తోడుకి అని.

మరి అది కూడా ఎందుకు ముట్టవు?

ఎందుకో నీకూ నాకూ తెలుసు. ఈయాల ఆ గళాసులో నిజంగానే తరవాణి ఉన్నాది.

నెమ్మదిగానే మాటాడతన్నాను, బయటికి ఇనపడదు. ఇన్నేళ్లూ నెమ్మదిగానే గదా మాటాడినాను. మద్యనిషేధం కమిటీకి నువ్వు పెద్దవి. సభలెట్టినావు. ముంతలు పగలగొట్టించినావు. పొద్దున్న రచ్చకాడ కల్లు మానండర్రా అని సెప్పి, మద్దినేల ఇంటికొచ్చి, ఈదరుగు మీద అందరికీ కనపడేలాగ కూకుని, గున్నా తరవాణి తే అనీవోడివి. ఈతకల్లూ తెలుపే, తరవాణీ తెలుపే. అదీ పులుపే, ఇదీ పులుపే. పక్కనున్నోడికి ఏది ఏదో తెలీదు. ఎంత తెలివి బావా నీది. ఆ తెలివికి కాపలా నాను.

ఎనకదొడ్డి తలుపు సప్పుడు కాకుండా తీసింది నాను. కల్లుగీత సింహాచలం ఆనపబుర్రలో తెచ్చిన కల్లు గుడ్డేసి వడకట్టింది నాను. ఈగలొస్తే అనుమానమని విసినికర్రట్టుకుని నీ ఎనక నిలబడ్డది నాను. మొగుడికి విసరతాది, ఎంత ప్రేమో అనుకున్నారు.

ఆ ఇనస్పెక్టరు వచ్చిన రోజు గుర్తుందేటి? గుర్తు నేదనకు. కమిటీ పని మెచ్చుకుందామని వచ్చినాడు. ఈయాల్టి లాగే మాగ పులుసు. నీ పక్కనే ఆకేసినాం. బాగా తిన్నాడు. తిని, నీ గళాసు కాసి సూసి, "ప్రెసిడెంటుగారి తరవాణి గురించి చాలా విన్నాం. ఏదమ్మా, ఆ గళాసు ఇలా ఇవ్వండి, ఓ గుక్క రుచి చూస్తాను" అన్నాడు.

నీ మొకం నీకు కనపడదు, నాకు కనపడింది. నెత్తురు సుక్క నేదు. నాను ఆ గళాసు తీసుకుని ఆయనకి ఇయ్యబోతన్నట్టు ఒంగి, సెయ్యి ఒణికించి, మొత్తం నేల మీద ఒలకబోసీసినాను. కొత్త సీర మీదే పోసుకున్నాను. ఎనక్కెల్లి కుండలోది అసలు తరవాణి తెచ్చి ఆయనకిచ్చినాను. నీ పరువు నిలబడింది.

నువ్వేటన్నావు బావా? అంత మంది మగోల ముందర, మీ అమ్మ ముందర, "సెయ్యి తిన్నగా నేదేటే నీది? గళాసట్టుకోడం రాదు, సంసారమేటి సేస్తావు" అన్నావు. అందరూ నవ్వినారు. ఇనస్పెక్టరు కూడా నవ్వినాడు. నాను ఆ తడి గుడ్డట్టుకుని తుడిసినాను. ఆలందరూ ఎల్లిపోయినాక ఒక మాట అంతావేమోనని సూసినాను. ఒక్క మాట. మంచి పని సేసినావే అని అనక్కర్లేదు, కూడు తిన్నావేటే అన్నా సరిపోను. నువ్వు సుట్ట ముట్టించుకుని పడుకున్నావు.

ఆ మాట ఇప్పటికీ ఇక్కడే ఉన్నాది. గొంతుక్కి అడ్డం పడిన ముల్లు లాగ.

సరే, నా ముల్లు నాను మింగుతాను. సింహాచలం సంగతి సెప్పు. నీకు పేరు రావాలని ఆడినే పట్టించినావు. ఈది నడుమున ఆడి కుండలు పగలగొట్టించినావు. ఆడు టెక్కలి జైల్లో కూకున్నాడు. ఆ పొద్దున ఆడు దించిన కల్లే గదా నీ గళాసులో ఉన్నాది. జైలునుంచొచ్చినాక మళ్లీ ఎనకదొడ్డికి తెచ్చినాడు, తేకపోతే మళ్లీ పట్టిస్తావని. బుర్ర నా సేతికిచ్చి, నా మొకం సూడకుండా ఎల్లిపోయీవోడు.

ఈయాల పొద్దున్న, పులుసు దించినాక, ఆడింటికెల్లినాను. పక్క ఊరి సంతకెల్తన్నట్టు సెంగు కప్పుకుని, పొలం గట్టంట ఎల్లినాను. కాకి ముట్టదని నాకు ముందే తెలుసు మరి. ఆడు ఈతసెట్టు దిగి, మోకు బుజాన్నేసుకుని నిలబడ్డాడు. "ఆయన ఏడాది. మాగ ఎడతన్నాను" అన్నాను. ఇంకేటీ అననేదు. ఆడికి అర్తమైపోనాది.

"ప్రెసిడెంటుగారికి తరవాణి గదమ్మా అలవాటు" అన్నాడు. ఆ మాట ఎలగన్నాడో నువ్వినాల్సింది. నాను తలొంచుకున్నాను. నీ బదులు నానే.

మోకు దించి కింద ఎట్టినాడు. తరవాత బుర్ర నిండా పోసిచ్చినాడు. డబ్బు ఇయ్యబోతే ఎనక్కి తోసీసినాడు. "సచ్చిపోయినోడి నోటికాడ నాను అడ్డం రాను. గానీ ఒక మాటమ్మా. ఇది దాసి ఎట్టకు. ఇది కల్లు, సింహాచలం దించిన కల్లు, ఆయన రోజూ తాగింది ఇదేనని అందరి ముందరా సెప్పి ఎట్టు. అలగైతేనే అట్టుకెల్లు. నాను ఎదర నిలబడి ఇంటాను" అన్నాడు.

ఒప్పుకున్నాను. ఏటి సెయ్యను? అట్టుకొచ్చినాను.

ఇదిగో, గాదె ఎనక దాసినాను. ఇప్పుడు తీస్తన్నాను. ఆసన తగుల్తందేటి? దీపం కూడా ఇటే ఒంగింది.

ఇప్పుడు సెప్పు, ఏటి సెయ్యమంటావు? సెప్పకుండా పోసీసి తరవాణే అంటే, ఆడికిచ్చిన మాట తప్పినట్టు. ఆడికి మనింటోలు తప్పిన మాటలు సాలు. సెప్పి పోసినానంటే నీ పేరు గంగలో కలిసిపోద్ది. బడికాడ నీ పటం కట్టినారు, దండేసినారు. రేపు ఆ పటం కింద నిలబడి పిల్లలు నవ్వుతారు. నీ కొడుకు తలెత్తుకు తిరగనేడు. నా కుండకి వచ్చిన పేరూ పోద్ది, గిన్నెలట్టుకుని ఒక్కర్తీ రాదు. పొయ్యకపోతే నువ్వు తినవు. నువ్వు తినకపోతే బయట ముసల్ది తినదు.

బతికున్నప్పుడు నీ పేరూ నీ దాహమూ రెండూ నానే మోసినాను. ఇప్పుడు రెండిట్లో ఒకటే మొయ్యగలను బావా. ఏది ఒగ్గీమంటావు?

 

మీ అమ్మ దగ్గుతంది. గణపతి తలుపు కాడికి వచ్చినట్టున్నాడు. వస్తన్నానురా, ఉండు.

పోసీసినాను. మూడు గళాసులూ తీసి మూలెట్టీసినాను. ఇదొక్కటే నీ ముందర. తలుపు తీస్తన్నాను. నామీద కోపమొస్తే రా, వచ్చి తిట్టు.

వచ్చినాను బావా. తలుపు ఏయనేదు. ఏయక్కర్నేదు.

సెప్పీసినాను. గుమ్మంలో నిలబడి, ద్వారబందం పట్టుకుని సెప్పినాను. ఎదర ఈదిలో సింహాచలం నిలబడ్డాడు, మొలకి కత్తి ఉన్నాది, సేతులు కట్టుకున్నాడు. "ఇది తరవాణి కాదు, కల్లు. సింహాచలం దించిన ఈతకల్లు. ఇన్నేళ్లూ ఈ అరుగు మీద ఆయన తాగింది ఇదే" అన్నాను. అని కళ్లు మూసుకున్నాను. నెత్తి మీద ఇల్లు కూలిపోద్దనుకున్నాను.

ఏటీ కూల్నేదు.

మీ అమ్మ కళ్లు తెరిసి, "తెలుసే. నా పక్కన కూకునే గదా తాగీవోడు. సుట్ట కాలిస్తే ముక్కు సచ్చిపోద్దేటి? పొద్దుటే ఎట్టీస్తే పోను గదా, బేగి కాకికెయ్యి" అన్నాది.

గణపతి "అందుకే గదా వదినా డికాషనన్నాను, నువ్వు గరిటెత్తినావు" అన్నాడు.

నీ కొడుకు నేల సూపులు సూసినాడు. "ఊళ్లో అందరికీ తెలుసమ్మా. తరవాణి ప్రెసిడెంటని ఎందుకంటారనుకున్నావు? బడిలో నన్ను ఏడిపించీవోలు. నీకు తెలీదని నీకాడ ఎవులూ అననేదు" అన్నాడు.

నాకు తెలీదనంట బావా. నాకు.

గిన్నెలట్టుకొచ్చిన ఆడోలు ఎనక్కెల్లి ఎంత నవ్వుకునీవోలో.

ఆ ఇనస్పెక్టరు సంగతి కూడా సెప్పినాడు గణపతి. అన్నం తినీముందు నువ్వు సెయ్యి కడుక్కోడానికెల్లినప్పుడు, ఆయన సెవిలో ఈడే సెప్పినాడంట, మా అన్న గళాసు ముట్టుకోకండి అని. ఆయన తెలిసే, సరదాకి అడిగినాడంట. ఏటి సేస్తారో సూద్దామని. నాను ఒలకబోస్తే అందుకే నవ్వినారంట.

సింహాచలం కాసేపు సూసినాడు. ఎవులైనా తలొంచుకుంతారేమోనని సూసినట్టున్నాడు. ఎవులూ ఒంచుకోనేదు. కుండలు పోగొట్టుకున్నోడు, జైలుకెల్లినోడు, ఆ ఒక్క మాట ఇందామని వచ్చినాడు. ఇన్నాక అది ఎవులికీ ఇంత కూడా బరువు కాదని తెలిసింది. తలగుడ్డ సవరించుకుని ఎల్లిపోనాడు. ఆడికీ ఏటీ దక్కనేదు.

కాకా? వచ్చింది. కల్లు సిలకరించిన ముద్ద పెంకు మీద ఏసి సెయ్యి తియ్యనేదు, వచ్చి ముక్క తన్నుకుపోనాది. అందరూ దండమెట్టినారు. మీ అమ్మ ఇప్పుడు అన్నం తింతంది. మాగ బాగుందంట, ఉప్పు కొంచెం తక్కువంట.

నాకు ఒక్కటి సెప్పు. ఆలందరికీ తెలుసని నీకు తెలుసా?

తెలీకపోతే ఆ రోజు బయపడి తిట్టినావు, ఒగ్గీస్తాను. తెలిసే తిట్టినావా? తెలిసే నా సేత తడిగుడ్డతో తుడిపించినావా?

సెప్పవు. తినీసినావు, తాగీసినావు, ఇంకేటి సెప్తావు.

బుర్రలో ఇంకా ఉన్నాది. ఇన్నేళ్లూ వడకట్టినాను, ఒంపినాను, ఈగల్ని తోలినాను, నాలిక మీద ఒక్క సుక్క ఏసుకోనేదు. నీ ఆకులో పొట్ట ముక్క అలగే ఉన్నాది, నాను తింతాను. బయటోలు సూస్తన్నారు. సూడనీ. దాసడానికి ఇంకేటి మిగిలిందని.

నిజమే బావా, ఈ సేప పక్కన ఇదే ఉండాల. ఆ ఒక్క మాట నువ్వు అబద్ధం సెప్పనేదు.

గళాసు నిండా పోసుకున్నాను, అంచు దాకా. సూడు, సెయ్యి తిన్నగానే ఉన్నాది. ఒక్క సుక్క ఒలకనేదు.